నడక వినే గది

ఏడో భాగం

పోయిన వారం నేను చేసిన ఘనకార్యం చదివినవాళ్ళు ఈపాటికి నన్ను తిట్టుకునే ఉంటారు. చదవనివాళ్ళకి కూడా ఆ అవకాశం ఇవ్వాలి కాబట్టి క్లుప్తంగా మళ్ళీ చెబుతున్నాను.

కృత్రిమ అవయవాల కోర్సులో నాది ఆఖరి సంవత్సరం. ఆరు వారాల ఇంటర్న్‌షిప్పు కోసం మేష్టారి వర్క్‌షాపుకి వచ్చి మూడు వారాలైంది. శుక్రవారం మేష్టారు ఒక ప్లాస్టరు బొమ్మ నా చేతికిచ్చి సవరించమన్నారు. అది ఉత్తరాలమ్మ కాలి బొమ్మ. ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచే మనిషి. ఎనిమిది నెలల కిందట ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. మిగిలిన కాలికి తడి ప్లాస్టరు చుట్టి, మూస తీసి, అందులో ప్లాస్టరు పిండి కలిపి పోసి చేసిన బొమ్మ అది. దాన్ని ఆకురాయితో సవరించి, మీద వేడి ప్లాస్టిక్ పరిస్తే తొడుగు తయారవుతుంది. ఆ తొడుగులోనే మనిషి బరువంతా నిలబడాలి.

కండ ఉన్నచోట బొమ్మని తగ్గించాలి. ఎముక తగిలేచోట పిండి పెట్టి పెంచాలి, అప్పుడే తొడుగులో ఎముకకి కాస్త చోటు మిగులుతుంది. ఇదంతా నాకు నోటికొచ్చు. కానీ మా కాలేజీలో బొమ్మ మీద నీలి పెన్సిలుతో గుండ్రంగా గీస్తే అక్కడ తగ్గించమని. ఇక్కడ మేష్టారు గుండ్రంగా గీస్తే అక్కడ ముట్టుకోవద్దని. మోకాలి కింద బయటివైపు ఆయన పిండి పెట్టి పెంచిన బుడిపెని, చుట్టూ ఉన్న గీతతో సహా, నున్నగా అరగదీసి పారేశాను. ఎముక ఉన్నచోట తగ్గించమని ఎవడైనా గీస్తాడా అని ఒక్క క్షణం బుర్ర వాడితే సరిపోయేది. వాడలేదు. కాలేజీలో నా బొమ్మల నునుపు చూసి అందరూ మెచ్చుకునేవారు, నాకా మెప్పు తలకెక్కింది.

తొడుగు బయటికి రావాలంటే లోపలి బొమ్మని పగలగొట్టక తప్పదు. పగలగొట్టాక, పక్క బల్ల మీద గీత లోపలి బుడిపె అలాగే ఉంచిన ఇంకో బొమ్మ చూస్తే గానీ నా తప్పు నాకు తెలియలేదు. అప్పటికి ఉత్తరాలమ్మ బొమ్మ ముక్కలై చెత్తడబ్బాలో ఉంది. నేను చెప్పకపోతే ఎవరికీ తెలిసే దారి లేదు. సోమవారం ఆవిడకి తపాలా శాఖ డాక్టరు దగ్గర పరీక్ష. సంచీ భుజాన వేసుకుని నడిచి చూపిస్తే ఆవిడ వీధులు ఆవిడకి తిరిగి ఇస్తారు. లేకపోతే పనికిరారని రాసి ఇంటికి పంపేస్తారు. మధ్యలో పనిరోజు శనివారం ఒక్కటే. ఆ శనివారం తెల్లారింది.

నేను దిగింది పిన్ని వాళ్ళింట్లో. పొద్దున ఆవిడ టీ తెచ్చి నా ముందు పెట్టి, చల్లారేదాకా చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఏమే, మొహం అలా వేలాడేసుకున్నావు. ఎవరి కాలైనా వెనక్కి తిప్పి పెట్టావా?"

"ఇంచుమించు అంతే పిన్నీ."

పిన్ని పడీ పడీ నవ్వింది. బాబాయిని పిలిచి మరీ చెప్పింది. ఆయనా నవ్వాడు. నిజం చెప్తే నమ్మరనే సంగతి నాకప్పుడే అర్థమైంది. అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా లేదు, ఊరికే నోరు మూసుకుంటే చాలు. దారంతా నాకు నేను అదే చెప్పుకుంటూ నడిచాను. ప్లాస్టిక్ కొంచెం సాగుతుంది కదా, ఆవిడ ఎముక చిన్నదేమో, అయినా మొదటి రోజు ఎవరికైనా నొప్పి ఉంటుంది కదా. తప్పు చేసినవాడి బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

వర్క్‌షాపులో ముందు ప్లాస్టరు గది, తర్వాత ఓవెన్ ఉన్న గది, చివర నడక గది. మూడు వారాలుగా నేను మొదటి రెండు గదులు దాటలేదు. నడక గదికి పిలుపు రావడం అదే మొదటిసారి. లోపల పెద్దగా ఏమీ లేదు. పట్టుకుని నడవడానికి నడుమెత్తున రెండు ఇనుప కడ్డీలు, ఒక కుర్చీ, ఒక బెంచీ. నేలంతా సిమెంటే గానీ గది మధ్యలో పన్నెండు అడుగుల పొడవున చెక్క పలకలు పరిచి ఉన్నాయి. పడవ నేలలా నల్లగా అరిగిపోయి ఉన్నాయి. ఇంత మంచి వర్క్‌షాపులో ఈ పాత చెక్కలు ఇంకా ఎందుకు ఉంచారా అని ముక్కు విరిచాను.

ఉత్తరాలమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది. యాభై దాటిన మనిషి, ఎండకి కమిలిన మొహం, జుట్టు బిగించి ముడి వేసుకుంది. పక్కన వాళ్ళాయన, ఒళ్ళో ఖాకీ సంచీ పెట్టుకుని.

"ఎనిమిది కిలోలు, తూచి మరీ తెచ్చాను," అన్నాడాయన నేను అడక్కుండానే. "పాత పుస్తకాలు కుక్కాను. పరీక్షలో సంచీ కూడా మొయ్యాలట. ఈవిడకి ఉట్టి చేతులతో నడిచే అలవాటే లేదు, పెళ్ళికి కూడా సంచీతోనే వచ్చింది."

"ఊరుకోండి," అంది ఉత్తరాలమ్మ. నవ్వింది కానీ చేతులు రెండూ కుర్చీని గట్టిగా పట్టుకునే ఉన్నాయి.

మేష్టారు వచ్చారు. అరవై ఏళ్ళ మనిషి, సన్నగా ఉంటారు, మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టు పొదుపుగా మాట్లాడతారు. కొత్త కాలిని నా చేతికిచ్చారు.

"ఇక్కడ తొడుగు ఎవరు చేస్తే వాళ్ళే తొడగాలి. అది ఆనవాయితీ. ఊఁ, కానివ్వు."

మోకాళ్ళ మీద కూర్చుని తొడిగాను. బయటివైపు ప్లాస్టిక్ బిగుసుకున్న చోట ఆవిడ తొడ కండరం ఒక్కసారి ముడుచుకోవడం నా చేతికి తెలిసింది. తలెత్తి చూశాను. ఆవిడ మొహం నిండా నవ్వే ఉంది.

కడ్డీలు పట్టుకుని లేచింది. ఒక అడుగు, రెండు, మూడు. వాళ్ళాయన సంచీ వదిలేసి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. చివరిదాకా వెళ్ళి, తిరిగి, కడ్డీలు వదిలేసి వచ్చింది.

"ఎలా ఉందమ్మా?" అని అడిగారు మేష్టారు.

"చక్కగా ఉంది సార్. నా కాల్లాగే ఉంది."

నా పోయిన ప్రాణం తిరిగొచ్చింది. చూశావా, ఏమీ కాలేదు, అనవసరంగా రాత్రంతా జాగారం చేశావు అనుకున్నాను. అంత పిరికి సంతోషం నా జన్మలో ఎప్పుడూ పడలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"ఇంకొకసారి నడవండి. మీ వీధిలో నడిచినట్టే," అన్నారు మేష్టారు. అని, చక్కా వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డారు. చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో శిక్ష పడిన పిల్లవాడిలా. నాకు నవ్వొచ్చింది.

"అమ్మాయ్, నువ్వూ ఇటు తిరుగు."

"గోడవైపా?"

"చూస్తూ ఉంటే చెవులు పనిచెయ్యవు."

పక్కన నిలబడ్డాను. కళ్ళ ముందు సున్నం వేసిన గోడ, అందులో ఒక సన్నటి పగులు. వెనక చెక్క మీద అడుగులు మొదలయ్యాయి. ముందు నాకు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. టక్కు, టక్కు, టక్కు. అందరూ అలాగే నడుస్తారు కదా. ఆవిడ రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. మూడోసారికి మేష్టారు మెల్లగా అడిగారు.

"రెండు అడుగులూ ఒకే పొడవున్నాయా?"

చెవులు రిక్కించాను. అప్పుడు వినపడింది. కుడి అడుగు నేల మీద నిలబడి, ఆగి, వెళ్తోంది. ఎడమ అడుగు ఆగడం లేదు, తాకీ తాకగానే లేచిపోతోంది. మూడు వారాలు కాలి బొమ్మలతో కాపురం చేసినదాన్ని, నడకలో ఇంత మాట ఉంటుందని నాకు తెలియదు.

"ఎడమది తక్కువ," అన్నాను.

"ఊఁ. మోకాలి కింద, బయటివైపు ఏదో ఒత్తుతోంది. బొటనవేలంత చోటు. అందుకే బరువు పాదం లోపలి అంచు మీదికి జరుపుతున్నారు, అందుకే ఆ అంచు చప్పుడు ముందొస్తోంది. కావాలంటే విను."

విన్నాను. నిజంగానే అంచు చప్పుడు ముందొస్తోంది. ఆయన తొడుగులో వేలు పెట్టి చూడలేదు. ఆవిడ మొహం కూడా చూడలేదు. నేను ఎక్కడ అరగదీశానో సరిగ్గా అక్కడికి, గోడని చూస్తూ, చెవులతో నడుచుకుంటూ వెళ్ళారు. గుళ్ళో నిలబడినట్టు చేతులు కట్టుకుని అలాగే ఉండిపోయాను.

మేష్టారు వెనక్కి తిరిగారు. "నొప్పి ఉందా అమ్మా?"

"లేదు సార్," అంది ఉత్తరాలమ్మ వెంటనే. మరీ వెంటనే అంది. "కొత్త చెప్పు కరిచినట్టు రెండు రోజులుంటుంది. అదే సర్దుకుంటుంది. ఇలాగే ఇచ్చెయ్యండి, ఇవాళే ఇంటికి తీసుకెళ్తాను. ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి అంటే సోమవారం ఎలా?"

మేష్టారు ఆవిడతో వాదించలేదు. నా వైపు అసలు చూడనే లేదు. ఆవిడ చక్కగా ఉందంటోంది, నేను కూడా అంతే అనుకుంటే అందరం సంతోషంగా ఇంటికి పోవచ్చు. ఆవిడ ఆ ఎనిమిది కిలోలు మోసుకుంటూ, ఎముక మీద ప్లాస్టిక్ నొక్కుకుంటూ, రోజూ మెట్లెక్కి దిగుతూ, నవ్వుతూ ఉంటుంది.

"నొప్పి ఉంటుంది," అన్నాను. "ఆ చోట ఎముక కోసం పెంచిన బుడిపెని నేనే అరగదీసేశాను. మేష్టారి గీత నాకు తప్పుగా అర్థమైంది. నిన్ననే తెలిసింది. భయమేసి చెప్పలేదు."

వాళ్ళాయన మొహం ఎర్రబడింది. ఇందాకటి సరదా మనిషి ఎక్కడికి పోయాడో.

"నిన్న తెలిస్తే ఇవాళ చెప్తావా? ఆవిడ నడిచాక? మా ఆవిడ కాలు మీరు పని నేర్చుకోడానికి దొరికిన బొమ్మా?"

ఆయన అన్నదాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

"సగం తప్పు నాది," అన్నారు మేష్టారు. "నా గుర్తుల సంగతి చెప్పకుండా పని చేతికిచ్చాను. ముందు కాలు చూద్దాం, తిట్లు తర్వాత పంచుకుంటాం."

ఉత్తరాలమ్మ నన్నే చూస్తోంది. కోపంగా కాదు. ఏదో లెక్క తప్పిపోయినదాన్లా.

మేష్టారు గూట్లోంచి ఎర్ర లిప్‌స్టిక్ తీశారు. "ఈ వర్క్‌షాపులో ఇది వాడేది నేనొక్కణ్ణే," అన్నారు ఏ మాత్రం నవ్వకుండా. కోపంలో ఉన్న వాళ్ళాయన కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడు, నవ్వు కనపడకుండా. మేష్టారు మోకాలి కింద ఎముక మీద రెండు గీతలు గీసి, మళ్ళీ తొడిగించి, నిలబెట్టి, తీయించారు. తొడుగు లోపల, బయటివైపు, బొటనవేలంత ఎర్రటి మచ్చ పడింది. ఆయన గోడవైపు తిరిగి చెప్పిన చోటే.

"వేడి పెట్టి అక్కడ బయటికి తోస్తే సరిపోతుంది. చెయ్యి."

"నేనా?"

"తొడుగు నీది."

"మళ్ళీ పాడు చేస్తే?"

"మళ్ళీ ప్లాస్టరు చుడతాం. రేపు ఆదివారం, ఇద్దరం వస్తాం."

ఒకసారి ఉత్తరాలమ్మ వైపు చూశాను. ఆవిడ తల ఊపింది. వాళ్ళాయన ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

వేడిగాలి గన్నుని ఎర్ర మచ్చ మీదికి పట్టాను. పాలరంగు ప్లాస్టిక్ మెల్లగా తెల్లదనం పోయి అద్దంలా అయింది. ఇప్పుడే నొక్కాలా, ఇంకా ఆగాలా అని మేష్టారి వైపు చూస్తే ఆయన కిటికీలోంచి వీధిని చూస్తున్నారు, నిమ్మకు నీరెత్తినట్టు. ఆయన సాయం చెయ్యరు. ఆ క్షణంలో ఆయన్ని తిట్టుకున్నాను కూడా. గుండ్రటి తలున్న చెక్క పనిముట్టుని లోపలి నుంచి ఆనించి నొక్కాను. మెత్తగా లోబడింది. తడిగుడ్డ వేసి చల్లార్చాను. లోపల వేలు పెట్టి చూస్తే చిన్న గుంట. నున్నగా లేదు, అందంగా లేదు, కాలేజీలో చూపిస్తే మార్కులు కోసేస్తారు. నా చేత్తో చేసినవాటిలో పనికొచ్చేది ఇదొక్కటే అనిపించింది.

ఈసారి ఉత్తరాలమ్మ సంచీ అడిగి భుజాన వేసుకుంది. వేసుకోగానే ఆవిడ నడుము నిటారైపోయింది. ఉద్యోగం ఒంటికి తగిలినట్టు.

నాకెవరూ చెప్పకుండానే గోడవైపు తిరిగాను.

ఎడమ అడుగు నిలబడింది. నేల మీద తీరిగ్గా ఆగి, బరువు మోసి, అప్పుడు లేచింది. మళ్ళీ. మళ్ళీ. ప్లాస్టిక్కూ ఇనుప గొట్టమూ రబ్బరు పాదమూ కలిపి, నిన్నటిదాకా బల్ల మీద పడున్న వస్తువు, ఒక మనిషి బరువుని నమ్మకంగా మోస్తోంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత పని చేతులతో చెయ్యొచ్చని పుస్తకాల్లో ఉంది గానీ, చేస్తే ఇలా వినిపిస్తుందని ఎక్కడా లేదు. వెనక వాళ్ళాయన ముక్కు చీదుకుంటున్నాడు.

నాలుగోసారి తిరిగినప్పుడు నా కన్నీళ్ళు ఆగిపోయాయి.

కుడి అడుగులో మడమ లేదు.

ఇందాక ఎడమ కాలి గోలలో నాకు వినపడలేదు. ఇప్పుడు అది కుదుటపడ్డాక బయటికొచ్చింది. బూటు మడమ చెక్కకి తగిలి టక్కుమనాల్సిన చోట మెత్తగా, గుడ్డ మీద పడినట్టు పడుతోంది. ఒకసారి కాదు, ప్రతిసారీ. నేను తప్పుగా వింటున్నానేమో అని కళ్ళు మూసుకున్నాను. తప్పుగా వినడం లేదు.

పక్కన మేష్టారు కదలకుండా నిలబడ్డారు. అడుగులు ఆగాయి.

"ఏం వినిపించింది?" అన్నారు.

వెనక్కి తిరిగాను. ఉత్తరాలమ్మ గది మధ్యలో, భుజాన సంచీతో, పిలిస్తే వీధిలోకి వెళ్ళిపోయేలా నిలబడి ఉంది. వాళ్ళాయన కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చేతులు జోడించాడు, ఇందాక తిట్టిన మనిషే. చక్కగా ఉంది మేష్టారూ అంటే సరిపోతుంది. ఈసారి తప్పు నాది కాదు. నా తొడుగు బాగుంది, నా పని అయిపోయింది. ఆవిడ కళ్ళు నా కళ్ళని పట్టుకున్నాయి, తల అడ్డంగా కొంచెం కదిలింది. చెప్పకు అని.

"కుడి కాలు," అన్నాను. "బూటులో ఏదో కుక్కి ఉంది మేష్టారూ."

మేష్టారు తల ఊపారు. ఆయనకి ముందే తెలుసు. నాకు తెలిసిందో లేదో అడిగారు, అంతే.

ఉత్తరాలమ్మ మెల్లగా కుర్చీలో కూర్చుంది. సంచీ మాత్రం భుజం మీంచి తీయలేదు.

"నీ తప్పు నువ్వు చెప్పుకున్నావు, బాగుంది," అంది నాతో. "నా తప్పు కూడా నువ్వే చెప్పాలా తల్లీ?"

"ఆ కాల్లో ఏముంది?" అన్నాడు వాళ్ళాయన. ఆవిడ సంచీ పట్టీ సర్దుకుంది. ఆయన గొంతు పైకి లేవలేదు, కిందికి పడిపోయింది. "ఏమే, నిన్నే. ఆ కాల్లో ఏముంది? మొదటిదీ ఇలాగే కదా. బూటు కొరికింది అన్నావు. షుగరు మనిషివి, పాదాల్లో నొప్పే తెలీదు నీకు. ఏం లేదు ఏం లేదు అంటూనే నెల తిరక్కుండా..." ఆయన మిగిలింది అనలేకపోయాడు.

"సోమవారం అయ్యాక విప్పుతాను," అంది ఆవిడ మేష్టారితో. "రెండు రోజులు ఆగండి సార్. డాక్టరు సంతకం పెట్టాక మీరు ఏం చెయ్యమంటే అది చేస్తాను. ఇప్పుడు విప్పితే నా వీధులు పోతాయి."

"విప్పకపోతే ఏం పోతుందో మీకు తెలుసమ్మా," అన్నారు మేష్టారు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఆ తర్వాత ఆయన ఆజ్ఞ ఇవ్వలేదు, బతిమాలలేదు, నా వైపు చూశారు.

వెళ్ళి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. బూటు తాడు మీద చెయ్యి వేశాను. ఆవిడ వంగి నా చెయ్యి మీద తన చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. గరుకు చెయ్యి, వేళ్ళ చివర్లు కాగితాలు లెక్కపెట్టీ పెట్టీ నున్నబడిపోయాయి. నేను చెయ్యి తీయలేదు. ఆఖరికి ఆవిడే తీసింది.

ముడి విప్పాను. బూటు లాగితే మడమ దగ్గర కుక్కిన దూది ఉండ జారి చెక్క మీద పడింది. అది తెల్లగా లేదు. మేజోడు మడమకి అంటుకుపోయి తడిగా ఉంది. అంచు పట్టుకుని మెల్లగా కిందికి తీశాను. ఉత్తరాలమ్మ తన కాలి వైపు చూడలేదు. పొద్దున దూది పెట్టుకున్నప్పుడు కూడా చూసుకుని ఉండదు. నా మొహం వైపే చూస్తోంది.

"పుండు ఎంతుందమ్మా?" అని అడిగింది.